శీర్షాసనం మానిన లలితాంబ

మైసూరు అగ్రహారంలోని ఆ యోగశాలలో ఆచార్యులుగారు గట్టిగా లెక్క పలుకుతుంటే ఆడవాళ్ళంతా ఒక్కసారే శీర్షాసనంలోకి లేచేవారు. చూసేవాళ్ళకు ముచ్చటగా ఉండేది. ఆ వరుసలో లలితాంబ లోలోపల వణికిపోతోందని మాత్రం ఎవరికీ తెలియదు.

కంట్లో ఒత్తిడి పెరిగిందనీ, అశ్రద్ధ చేస్తే చూపు పోతుందనీ డాక్టరు ఆమెకు చుక్కలమందు ఇచ్చాడు. తలకిందులైన ప్రతిసారీ కళ్ళు పగిలిపోతాయేమో అన్నంత బరువు. అయినా శీర్షాసనం సంగతి డాక్టరుకూ చెప్పలేదు, కంటి సంగతి ఇక్కడా చెప్పలేదు. యోగం వల్ల చెడు జరగదని నమ్మకం. మనలో ఎంతమందికి లేదు ఆ నమ్మకం? పైగా పక్కనే ఆడపడుచు పద్మావతమ్మ.

"మా అమ్మ డెబ్భై ఏళ్ళప్పుడు కూడా డికాక్షన్ దిగేలోగా శీర్షాసనం ముగించేది. నీకు యాభైకే ఆయాసమా, లలితా?"

"ఆయాసం కాదొదినా, రాత్రి నిద్ర లేదంతే..."

ఆ ఉదయం కాళ్ళు దించి లేవగానే దేవుడి ముందున్న దీపం చుట్టూ రంగుల వలయం కనిపించింది. లలితాంబ గోడ పట్టుకుంది. ఆచార్యులు లెక్క ఆపేశారు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదండీ."

"ఏం లేకపోతే ఒక కన్ను మూసి దీపాన్ని అలా చూస్తావేం?"

ఇక దాచలేకపోయింది. అంతా చెప్పి, "నన్ను రావద్దనకండి గురువుగారూ. మా ఇంట్లో తల ఎత్తుకోలేను" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"రావద్దని ఎందుకంటాను? ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఇక్కడ చేసేదంతా దాచకుండా చెప్పు."

డాక్టరు తల పట్టుకున్నాడు. "ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా! నీ అదృష్టం, చూపు నిలిచే ఉంది. తల కిందికి వంచే ఆసనాలు వద్దు. మిగతావి నెమ్మదిగా చేసుకో."

లలితాంబకు గుండెల మీది బండ దించినట్టయింది.

మర్నాడు ఆచార్యులు తన పేము కుర్చీ తెచ్చి వరుస మధ్యలోనే వేశారు. "ఇక్కడ కూర్చో. ఊపిరి పీలుస్తూ చేతులెత్తు, వదులుతూ దించు. నా లెక్కతో నీకు పనిలేదు. నీ ఊపిరే నీకు లెక్క."

"కుర్చీలో కూర్చుంటే అదేం యోగమండీ?" అంది పద్మావతమ్మ.

"నీ మనవడికి రాగిముద్ద పెడుతున్నావామ్మా?"

"అయ్యో, వాడికింకా పళ్ళే రాలేదు! జావ పోస్తున్నాం."

"పిండి అదేగా? మరి వాడు తాగేది తిండి కాదంటావా?"

వరుసంతా గొల్లున నవ్వింది. పద్మావతమ్మ మూతి ముడుచుకుంది.

వారం తిరక్కుండానే ఆమె ఒక కుర్చీ బరబర ఈడ్చుకొచ్చింది. "కాస్త జరుగు. దసరా నుంచీ మోకాళ్ళు పీకేస్తున్నాయి."

"మరి చెప్పలేదేం వదినా?"

"నువ్వు మాత్రం చెప్పావా?"

ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు.

"ఎవరి ఒళ్ళు చెప్పే మాట వాళ్ళు వినడంతోనే యోగం మొదలవుతుందమ్మా" అన్నారు ఆచార్యులు, ఇంకెవరికైనా కుర్చీ కావాలేమోనని వరుసంతా కలయజూస్తూ.