ఆ పేరుగలవారు ఇక్కడ లేరు

"రూప్లీ, నా బెల్టు ఏడున్నది?"

"బీరువా తలుపు వెనక, కొక్కేనికి."

రొట్టె తట్టుతూ, తల తిప్పకుండానే చెప్పాను. మా ఇంట్లో ఎవరైనా వస్తువు పేరు పలికితే చాలు, అది ఎక్కడుందో నా నోట్లోంచి వచ్చేస్తుంది. మా ఆయన హరిలాల్ కళ్లజోడు, మా అత్త జమ్లి తలనొప్పి మాత్రలు, గ్యాసు పుస్తకం, ఒకటేమిటి! బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే మనిషికి తన బనీను ఏ అరలో ఉందో తెలియదు. "నీకు మతి బాగ పనిచేస్తది రూప్లీ" అంటాడు. మెప్పట, నా బొంద! వెతుక్కునే పని నా మీదకు నెట్టడానికి ఇచ్చే తాయిలం అది.

విచిత్రమేమిటంటే ఆఫీసులోనూ అదే గొడవ. అశ్వారావుపేట అవతల ఒక నూనె మిల్లులో నేను టెంపరరీ కంప్యూటర్ ఆపరేటర్ని. అది తొంభై తొమ్మిదో సంవత్సరం. మిల్లుకు సొంత మెయిల్ సర్వర్ ఉండాలని హైదరాబాదులోని ఓనరుకు మోజు పుట్టింది. మెయిల్ వస్తే, పేరు చూసి ఆ మనిషి డబ్బాలో వెయ్యాలి. ఏ పేరుకు ఏ డబ్బానో పట్టికగా దాచిపెట్టి, అడగ్గానే తీసిచ్చే చిన్న డేటాబేస్ లైబ్రరీ ఒకటి సర్వర్‌కి కావాలి. పేరు చెబితే జవాబు చెప్పడమే దాని బతుకంతా. అచ్చం నేనే! సర్వర్‌తో వచ్చిన సీడీలో ఆ లైబ్రరీ పాతదీ కొత్తదీ రెండూ ఉన్నాయి.

"ఏది సరిపడుతుందో చూసి చెప్తా సార్" అన్నాను మేనేజర్ వెంకటరామారావు గారితో.

"కొత్తది ఉండగా చూసేదేముందమ్మా? ఇంట్లో పాత చీరలే కట్టుకుంటారేంటి మీరు? సోమవారం ఓనర్ గారు మెయిల్ పంపుతారు. అందిందా, నువ్వు పర్మనెంటు. లేదా, మా బావమరిది కొడుకు కంప్యూటర్ కోర్సు చేసి ఖాళీగా ఉన్నాడు."

మధ్యలో నా చీరలెందుకో! ఒళ్లు మండింది. కానీ కొత్తది పాతదాని పనులన్నీ చేస్తుందని నేనూ నమ్మాను. పేర్ల పట్టిక కొత్త లైబ్రరీతోనే తయారు చేశాను. శనివారం ఖమ్మం ఆఫీసువాళ్లు పరీక్షకని మేనేజర్ గారి పేరున మెయిల్ పంపారు. అది వచ్చిన దారినే తిరిగి వెళ్లింది, 'ఆ పేరుగలవారు ఇక్కడ లేరు' అని జవాబు మోసుకుని.

ఆయన తెర వైపు చూశారు. తన కుర్చీ వైపు చూసుకున్నారు. "నేను లేనా? మరి ఇక్కడ కూర్చున్నదెవరు?"

నవ్వు ఆపుకోలేక బాత్రూంలోకి పరుగెత్తాను. తలుపేసుకున్నాక ఏడుపొచ్చింది. పర్మనెంటయితే ఇది నా ఉద్యోగం. కాకపోతే, మా ఆయన మాటల్లో, "టైంపాసు".

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే మా అత్త కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. నేను మూడీగా పప్పు పొయ్యి మీద పెట్టి, ఎప్పటి చోట చెయ్యి పెట్టి ఉప్పు తీసి వేశాను.

"ఏందిది, పప్పా పాయసమా?" అన్నాడు మా ఆయన, మొదటి ముద్దకే.

"అయ్యో! నువ్వు అలిసిపోతున్నవని నేనే డబ్బాలన్నీ సర్దిన బిడ్డా. ఉప్పు ఎర్ర డబ్బాల ఉన్నది. సర్దింది నేనైతే నన్నడగాలె గద!" అంది అత్త.

గరిటె చేతిలోనే ఉండిపోయింది. అవే డబ్బాలు, అదే అర. కానీ సర్దిన చెయ్యి వేరు, వెతికే చెయ్యి వేరు. మా సర్వర్ పాత లైబ్రరీతో తయారై వచ్చింది. పట్టిక సర్దింది కొత్తది. పాపం, పాతదానికి మేనేజర్ గారు ఎలా కనపడతారు? అత్తను గట్టిగా వాటేసుకున్నాను. "దీనికేమైంది?" అన్నాడు మా ఆయన.

పొద్దున్నే బయల్దేరాను.

"ఆదివారం ఆఫీసేంది? బిచ్యా వాళ్లు భోజనానికొస్తుండ్రు. వండేదెవరు?" అన్నాడు మా ఆయన.

"మీ దోస్తులే కదా" అన్నాను.

ఆయన అత్త వైపు తిరిగాడు. "నాకు మోకాళ్ల నొప్పులు. ఉప్పేడున్నదో నేను చెప్త, నువ్వు వండు" అందామె. నేను బస్సెక్కాను.

పాతదానితో పట్టిక మళ్లీ చేశాను. సోమవారం ఓనర్ మెయిల్ నేరుగా మేనేజర్ గారి డబ్బాలో పడింది. "చూశావా? కొత్తది పెట్టమని నేను చెప్పబట్టే!"

"పెట్టింది పాతది సార్. కొత్తదైతే మీరింకా లేనట్టే."

ఆయన ముఖం మాడిపోయింది. అయినా ఓనర్‌కి పర్మనెంటుకు నా పేరు రాయక తప్పలేదు.

మంగళవారం పొద్దున. నేనూ అత్తా వంటింట్లో చాయ్ తాగుతున్నాం.

"రూప్లీ, నా సాక్సులేడున్నయ్?"

మంచం కింద, నీలం సంచిలో. నాలుక చివరిదాకా వచ్చింది. చాయ్‌తో పాటు మింగేశాను. ఇక ఈ ఇంట్లో ఎవరి వస్తువులు వాళ్లే సర్దుకుంటారు, వాళ్లే వెతుక్కుంటారు.

"రూప్లీ! నిన్నే!"

"ఆ పేరుగలవారు ఇక్కడ లేరు" అన్నాను.

బీరువా తలుపు దబ్బున మూసిన చప్పుడైంది. తర్వాత, "యాడీ!" అని మా భాషలో వాళ్లమ్మను పిలిచాడు.

మా అత్త గ్లాసు దించలేదు. "జమ్లి గూడ లేదు కొడుకా" అంది.