బ్యాక్‌రెస్టు బిగించాను

మా ఆవిడ స్కూటరు కొనుక్కుంటానంది. "మీ బండి వెనక కూర్చోవడం ఇక నా వల్ల కాదండీ," అని ఒక్క ముక్క చెప్పి, గిన్నెలు సర్దుకోవడానికి వెళ్ళిపోయింది.

ఏళ్ళ తరబడి ఆమెను తను పనిచేసే ఆసుపత్రి ల్యాబ్ దగ్గర దింపి, అటునుంచి అటే ఆఫీసుకు పోతున్నాను. పిల్లలు, టీవీ, ఫోన్లు ఏవీ లేకుండా మేమిద్దరం మాట్లాడుకునేది ఆ కాసేపే. స్కూటరొస్తే అది కూడా పోతుంది. ఈ మాట నేరుగా ఆమెతోనే చెప్పొచ్చు. చెప్పేంత తెలివే ఉంటే నేను స్పానర్ల సెట్టు ఎందుకు కొంటాను?

నా వల్ల కాదు అంటే నడుము నొప్పి అన్నమాట అని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఆమెను అడగలేదు. అడిగి తెలుసుకుంటే ఇక మొగుడినెలా అవుతాను! బ్యాక్‌రెస్టు, మెత్తటి సీటు కవరు, కాళ్ళు పెట్టుకోవడానికి వెడల్పాటి ఫుట్‌రెస్టు తెచ్చాను. పనిలో పనిగా నాకో ఫోన్ హోల్డరు, చార్జరుతో సహా. దానికీ ఆమె నడుముకూ సంబంధమేమిటని మాత్రం అడక్కండి.

ఆదివారం పొద్దున్నే బండిని మెట్ల పక్కన నిలబెట్టి సీటు ఊడదీశాను. "అరగంట పని సార్, ఇంట్లోనే బిగించుకోవచ్చు," అన్నాడు షాపువాడు. వాడి మొహం మండ! మొదటి బోల్టు రావడానికే అంతకంటే ఎక్కువ పట్టింది. బోల్టుతో పాటు నా వేలి తోలు కూడా లేచొచ్చింది.

పై అంతస్తులో ఉండే మా బావమరిది కాఫీ గ్లాసుతో దిగి వచ్చి మెట్ల మీద చతికిలబడ్డాడు.

"సాయం చేయనా బావా?"

"అక్కర్లేదు. నువ్వు చూస్తూ ఉండు చాలు."

చూశాడు. నేను బ్యాక్‌రెస్టుకి ఆఖరి నట్టు కూడా బిగించి, చేతులు తుడుచుకుని, "ఎలా ఉంది?" అన్నాను ఛాతీ విరుచుకుని. వాడు బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"చాలా బాగుంది బావా. వెనక లైటు మీద ఎవరు కూర్చుంటారు?"

చూద్దును కదా, దిండు వైపు వెనక్కి పెట్టి బిగించాను.

"ముందే చెప్పి ఏడవొచ్చు కదరా!"

"చూస్తూ ఉండమన్నావుగా."

నోరు మూసుకుని మొత్తం మళ్ళీ విప్పాను. నోరు మూసుకున్నది అబద్ధం లెండి. షాపువాడిని, నట్టుని, నట్టు కనిపెట్టినవాడి ఏడు తరాలనీ వరసపెట్టి తిడుతూ విప్పాను. ఫుట్‌రెస్టు బిగించాక కిక్ రాడ్డు కిందికి దిగనని మొరాయించింది. సెల్ఫ్ స్టార్టు ఉందిగా అని సర్దిచెప్పుకున్నాను. చివరికి చార్జరు కోసం హ్యాండిల్ కింద వైర్లలో వేలు పెట్టాను. సాయంత్రానికి ఫోన్ చార్జింగ్ ఎక్కింది, హార్న్ చచ్చిపోయింది. రేపు చూసుకోవచ్చులే అనుకున్నాను.

సోమవారం మా ఆవిడ ఎక్కి కూర్చుని, వీపు ఆనించి, "బాగుందండీ," అంది. నేను పొంగిపోయాను. ఆ పొంగు మొదటి మలుపు దాకే. ఎవడో వ్యాన్‌వాడు అడ్డం వచ్చాడు. హార్న్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. దాంతో నోటికి పని చెప్పాను. "కళ్ళు నెత్తికెక్కాయా రా!" అక్కణ్ణుంచి బస్సువాడిని, సైకిలువాడిని, ఫోన్ చూసుకుంటూ రోడ్డు దాటేవాడిని, ఎవరినీ వదల్లేదు. సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి నా గొంతు బొంగురుపోయింది.

బండి ఆగగానే ఆమె దిగిపోయింది.

"హార్న్ పోయింది, అందుకని..." అని నసిగాను.

"హార్న్ ఉన్న రోజు మాత్రం ఊరుకుంటారా? నా నడుముకేమండీ, నిక్షేపంగా ఉంది. మీ నోటితోనే నేను పడలేకపోతున్నాను. దారిలో కనిపించిన ప్రతివాడినీ తిడతారు. నేను ల్యాబ్‌కి వెళ్ళేసరికి తల దిమ్మెక్కిపోతోంది."

"మరి మనం మాట్లాడుకునేది ఈ కాసేపే కదా..."

"మాట్లాడేది మీరు. ఊఁ కొట్టేది నేను."

అనేసి ఫుట్‌పాత్ ఎక్కి నడిచి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది, దాచడమెందుకు. గ్రీన్ సిగ్నల్ పడింది, నేను కదలకపోయేసరికి వెనకవాళ్ళందరూ కలిసి నన్ను తిట్టారు.

సాయంత్రం బావమరిది హార్న్ వైరు కలిపి, "ఇది నేను బాగుచేశాను బావా. రెండోది నా చేతిలో లేదు," అన్నాడు. అక్క అప్పటికే వాడికి అంతా చెప్పేసిందన్నమాట.

మర్నాడు బతిమాలాను. "ఈ ఒక్కరోజు ఎక్కు. నోరెత్తితే నన్నడుగు." అనుమానంగానే ఎక్కింది. వ్యాన్ అడ్డం వచ్చింది, పళ్ళు బిగబట్టాను. ఒక కుర్రాడు బండిని నా మోకాలు రాసుకుంటూ పోనిచ్చాడు, గుటక మింగాను. సగం దారి గడిచింది. ఇక ఆమె పలకదనే అనుకున్నాను.

"నన్ను ల్యాబ్ ఇన్‌ఛార్జిని చేశారండీ," అంది వెనకనుంచి.

"ఎప్పుడు?"

"క్రితం వారం. ఇక్కడే ఎక్కడో చెప్పాను. మీరు లారీవాడితో గొడవలో ఉన్నారు."

నోట మాట రాలేదు. రావలసిన చోట రాదు, అదీ నా నోరు. బండి పక్కకు తీసి ఆపి వెనక్కి తిరిగాను.

"తప్పయిపోయింది. నువ్వు స్కూటరు కొనుక్కుంటావన్న భయంతోనే ఇవన్నీ బిగించాను. వెనక నువ్వు లేకపోతే నాకు ఇల్లు కదలబుద్ధి కాదు."

"నెల రోజులు చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే స్కూటరే," అంది, ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళతో మాట్లాడే గొంతుతో కాబోలు.

సరేనని తలూపాను. బండి స్టార్ట్ చేయబోయి ఆగాను.

"నేను వినిపించుకోకుండా పోగొట్టుకున్నవి ఇంకేమైనా ఉన్నాయా?"

"చాలా ఉన్నాయి," అంది. "నిదానంగా పోనివ్వండి."