కుంకుడు నీళ్ల బంతులు

పొద్దున అంగడి షట్టర్ ఎత్తగానే రంగనాయకులు ముందు కప్పు వైపు చూస్తాడు. పైన ఆనుకుని ఉన్న గోల్ఫ్ బంతుల్లో ఏదైనా ఫ్యాన్ దగ్గరికి జరిగి ఉంటే దోటితో మూలకు నెట్టి, ఆ తర్వాతే దేవుని పటానికి అగరుబత్తి వెలిగిస్తాడు.

ప్రొద్దుటూరులో అది ఒకప్పుడు నగలంగడి. ఇప్పుడు క్యారంబోర్డులు, షటిల్ బ్యాట్లు, క్రికెట్ బంతులు అమ్ముతారు. జమ్మలమడుగు అవతల పెన్న ఒడ్డున గోల్ఫ్ మైదానం పెట్టినాక గోల్ఫ్ బంతులు కూడా వచ్చి చేరాయి. వాటి గుణం జనానికి తొందరగానే అలవాటైపోయింది. క్రికెట్ బంతి ఆయువు తీరితే కుట్లు ఊడతాయి. షటిల్‌కైతే ఈకలు రాలతాయి. గోల్ఫ్ బంతి మాత్రం యాడ ఆయువు తీరితే ఆడ గాల్లోనే నిలబడిపోతుంది. కొట్టిన మనిషి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు చూసి, ఇంకో బంతి తీసుకుంటాడు. అంతే.

అట్లా నిలిచిపోయిన వాటిని దోటితో దించి, వలసంచిలో కట్టి, బండి హ్యాండిల్‌కు పొడుగాటి తాడుతో తగిలించుకుని, కొత్తవాటితో మార్చుకోవడానికి అంగడికి వచ్చేవాడు శ్రావణ్. పులివెందుల బట్టలంగడి వాళ్ల పిల్లోడు. చీరలు మడతపెట్టే పని చేతికి రాక, మైదానం చూసుకునే ఉద్యోగంలో చేరినాడు.

రంగనాయకులు కూతురు ఐశ్వర్య మిద్దె మీద బట్టలు ఆరేస్తూ జమ్మలమడుగు రోడ్డు వైపే చూస్తుండేది. మనిషి కంటే ముందు సంచి కనపడేది. కరెంటు తీగలకు తగలకుండా, మిద్దెలకు పైన, తెల్లగా ఊగుతూ వచ్చేది. అది కనపడగానే ఆమె ఆరేయడం మరిచిపోయేది. చేతిలోని తడి చీర చేతిలోనే ఆరిపోయేది.

శ్రావణ్ వచ్చి ఎదురుగా కూర్చుంటే మాత్రం ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచేది కాదు. అతను బంతుల గురించి చెప్పేవాడు. చెరువులో పడి నానింది అంత దూరం పోదని, కారు డిక్కీలో ఎండకు ఉడికింది తొందరగా చస్తుందని, రంగు మాసినంత మాత్రాన పారేయాల్సిన పని లేదు గానీ పైతోలు తెగితే మాత్రం ఇక ఉంచుకోకూడదని. ఐశ్వర్య అవన్నీ ప్రేమ మాటలు విన్నట్టు వినేది.

అలా వింటూ వింటూనే ఆమెకు ఆ ఆలోచన పుట్టింది. బంతులు తొందరగా పోతే మనిషి తొందరగా వస్తాడు.

నగలోళ్ల ఇంటిపిల్లకు దారి వెతుక్కోవాల్సిన పని లేదు. పాత నగను కుంకుడు రసంలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో రుద్దితే పెళ్లినాటి మెరుపు వస్తుంది. నగల్లో పాతదంటూ ఉండదు, మెరుగు పెట్టనిదే ఉంటుందని వాళ్ల తాత అనేవాడట. అంగడి కప్పుకు ఆనుకున్న బంతులను దించి అట్లాగే రుద్దింది. తళతళలాడాయి. కొన్నాళ్లకు సరిపడా బరువు కూడా తిరిగొచ్చింది. చాపాడు పిల్లలు వీధిలో ఆడుకోవడానికి చవగ్గా ఇస్తామని నాయనతో చెప్పి, వాటిని మైదానానికి పోయే కొత్త పెట్టెల్లో కలిపేసింది.

శ్రావణ్ రాకపోకలు ఎక్కువయ్యాయి. ఎదురంగడిలో గాజులమ్మే గుల్జార్‌బీ ఊరుకోలేదు.

"ఏమప్పా, ఇంత బిరీన పోతాండాయే నీ బంతులు? ఆట ఆడిస్తాండావా, వడ్లు దంచిస్తాండావా?"

శ్రావణ్ నవ్వేవాడు. ఒకరోజు మాత్రం నవ్వలేదు. సంచి విప్పుతూ, మైదానం ఓనరు చెప్పిన మాట చెప్పినాడు. బయటి ఊర్ల నుంచి వచ్చినవాళ్ల ముందు కొత్త బంతులు గాల్లో నిలిచిపోతుంటే పరువు పోతాందని, ఇంకొక్క పెట్టె ఇట్లాగే అయితే బెంగళూరు నుంచి పార్సిల్‌లో తెప్పించుకుంటానని అన్నాడంట.

"అప్పుడు నాకు ఈడికి వచ్చే పనే ఉండదు మామా," అన్నాడు. మాట రంగనాయకులుతో, చూపు గచ్చు మీద.

లోపల ఐశ్వర్య చేతులు కుంకుడు నురగలోనే ఉండిపోయాయి. అతన్ని దగ్గరికి పిలుచుకుంటున్నాననుకుంది. దూరం నెట్టింది తానేనని ఇప్పుడు తెలిసింది.

ఆ పెట్టె ఆమే సర్దింది. ఎండ తగిలే అద్దాల బీరువాలో ఉన్నవి ముట్టుకోలేదు. ఒకప్పుడు బంగారం దాచిన చల్లటి గదిలోంచి తీసి, ఒక్కోదాన్ని గోటితో తడిమి, చిన్న గీత ఉన్నా పక్కన పెట్టింది. మంచివి ఎంచుతుంటే ఏడుపొచ్చింది. ఇవి ఎంత గట్టివైతే అతను అన్నాళ్లు రాడు.

రాలేదు. ఉగాది దాటింది. ఎండలు ముదిరాయి. మిద్దె మీద బట్టలు ఆరేస్తే ఆకాశం ఉత్తగా ఉండేది. ఈ ఎండలు తగ్గితే సంబంధాలు చూడాలని తల్లి ఆదిలక్ష్మి రెండు మూడుసార్లు అంది. ఐశ్వర్య అప్పుడే ఆరేసిన చీరను మళ్లీ పిండింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం ఏ సంచీ కనపడకుండానే కింద బండి చప్పుడయింది. సంచి హ్యాండిల్‌కు కిందికి వేలాడుతోంది. అందులో ఒకే ఒక్క బంతి.

"ఇది పోయింది మామా, మార్చాల," అన్నాడు శ్రావణ్.

రంగనాయకులు దాన్ని నాయన కాలం నాటి బంగారం త్రాసులో వేసినాడు. పళ్లెం ఠక్కున కిందికి దిగింది. గోటితో తడిమినాడు. గీత లేదు. ఆయువు నిండుగా ఉన్న బంతి. ఇంత మంచిదాన్ని ఎందుకు తెచ్చినట్టని తలెత్తబోయి, గచ్చు మీద చూపు ఆపినాడు. శ్రావణ్ చెప్పులకూ గచ్చుకూ మధ్య సందులోంచి చీమలు బారుగా పోతున్నాయి. ఒక్కటి కూడా పక్కకు తిరగడం లేదు.

"ఎన్నాళ్లయింది ఇట్లా?"

"ఉగాది దాటినప్పట్నుంచి. బండెక్కినా కింద ఆనను మామా, పైకి పోకుండా దోటికి రాయి కట్టుకుని పట్టుకుంటాండా."

మంచినీళ్ల గ్లాసుతో వచ్చి గడప దగ్గరే నిలబడిపోయిన ఐశ్వర్య, ఇక దాచలేకపోయింది.

"పాత బంతులు కలిపింది నేనే నాయనా. పోతే వస్తాడని."

రంగనాయకులు పళ్లెంలోంచి బంతి తీసి శ్రావణ్ జేబులో వేసినాడు.

"బంతి మార్చే పని లేదు. ఈ అరుగుదలకు కుంకుడు రసం కూడా పనికిరాదు," అని లోపలికి కేకేసినాడు. "ఆదిలక్ష్మీ, పులివెందుల బట్టలంగడోళ్లకు ఫోన్ కలుపు. పెద్దోళ్లతో మాట్లాడాల."

ఐశ్వర్య గ్లాసు అందించింది. శ్రావణ్ రెండు చేతులతో అందుకున్నాడు. ఆమె వెంటనే వదల్లేదు.

అతని చెప్పులు మెల్లగా వచ్చి గచ్చుకు ఆనాయి. చీమల బారు ఒక్క క్షణం ఆగి, పక్కకు తిరిగి, చెప్పుల చుట్టూ కొత్త దారి పట్టింది.