మధ్య వరుస వెన్నులు

పిట్టలు వాలకుండా కట్టిన వల లోపల, వరి మడి మధ్య వరుసలో వెన్నులు లేవు. గడ్డి మాత్రం నిలబడి ఉంది.

షారన్ మోకాళ్ళ మీద కూర్చుని కోతలు చూసింది. పక్క వరుసలను ఎవరూ ముట్టుకోలేదు.

"ఎలకల మీదికి తోసేద్దామంటే, ఎలకలకు కొడవలి ఎవురిచ్చినారమ్మా?" అన్నాడు పొలం కౌలుకిచ్చిన మునెయ్య.

ఆమె నవ్వలేదు. మండే ఎండలో వరి ఆకు తనను కాపాడుకోవడానికి మిగులు వెలుతురును వేడిగా వదిలేస్తుంది. మబ్బు కమ్మినా ఆ పని వెంటనే ఆపదు. అంతసేపూ గింజకు చేరాల్సిన తిండి తగ్గుతుంది. షారన్ ఏళ్ల తరబడి సంకరం చేసి ఎంచిన ఈ మొక్కల ఆకులు చప్పున తేరుకుంటాయి. అదే నేల, అదే నీరు, ఎక్కువ గింజ. పాత విత్తనమంతా నిరుటి తుపానులో తడిసి పాడైంది. మిగిలింది ఆ మధ్య వరుసే; పక్కవి పోలిక కోసం వేసిన మామూలు వరి.

అనుమానం వెంకటేష్ మీదికి పోయింది. నాయుడుపేటలో విత్తనాల వ్యాపారి. గుప్పెడు గింజలడిగి లేదనిపించుకున్నవాడు. అతని కారు పొద్దున చర్చి ముందు చూశానని మునెయ్య చెప్పాడు. ఈరోజు అక్కడ కోత పండుగ. దేవుడికని తెచ్చిన తొలి పంటను, ప్రథమ ఫలాలను, వేలం వేస్తారు, ఎవరైనా పాడుకోవచ్చు.

షారన్ స్కూటర్ తీసింది.

ఆమె వెళ్లేసరికి గుమ్మడికాయలు, కోళ్లు అయిపోయాయి. బల్ల మీద వరి కట్ట ఉంది. కాడలకు ఆమె కట్టిన చీటీలు ఇంకా వేలాడుతున్నాయి. వెంకటేష్ వేలంపాట పాడుతున్నాడు. పోటీకి ఎవరూ లేరు.

పాట ఆపమని షారన్ పాస్టర్ హెబ్రోనును అడిగింది. అవి తన విత్తనాలని, ఇక వేరే లేవని చెప్పింది. ఆయన గొంతు తగ్గించాడు.

"దేవుడికిచ్చింది ఊరికే వెనక్కి ఇయ్యలేనమ్మా. దొంగసొత్తయితే వేరే మాట. ఎవరు కోసినారో అందరి ముందర చెప్పు, ఆపేస్తా."

షారన్ వెంకటేష్ వైపు వేలెత్తబోయింది. అప్పుడు చూసింది, కట్టకు బిగించిన నీలం గుడ్డ పీలికను. నిన్న తన ఇంట్లో, కుట్టుమిషన్ పక్కన పడి ఉన్న గుడ్డ అది. చర్చి అలంకరించాలని ఒకరు చీకటితోనే ఇల్లు దాటారు. ఆ మనిషి ఇప్పుడు ముందు వరుసలో ఉంది. బిడ్డ కష్టంలో మేలైన వెన్నులు ముందు దేవుడికి చేరాయన్న సంతోషంతో, వచ్చి పక్కన కూర్చోమని సైగ చేస్తోంది.

"రెండోసారి," అన్నాడు పాట పాడించే పెద్ద.

షారన్ గొంతు పెంచింది.

"కోసింది మా అమ్మ. ఎలిశబెతు."