ముందు పెన్సిల్‌తో

తొమ్మిదిన్నరకల్లా ఆవిడ పెన్సిళ్లన్నీ చెక్కి, మొనలు పైకి ఉండేలా గ్లాసులో నిలబెట్టేసింది. పక్కన తెల్ల రబ్బరు పెట్టింది. ఆ చర్మవైద్యశాలలో పద్దెనిమిదేళ్లుగా కౌంటరు వెనక కూర్చుంటున్న ఆవిణ్ణి అందరూ ఫారాలమ్మ అనే పిలుస్తారు. ముడతలు పోవడానికి నుదుటికో బుగ్గలకో సూది వేయించుకుందామని ఎవరొచ్చినా ఆవిడ చేతి ఫారం నింపాల్సిందే. అదీ ముందు పెన్సిల్‌తో. డాక్టరమ్మ గదిలోకి వెళ్లేముందు దాని మీదే పెన్నుతో. ఈ చాదస్తం చూసి నర్సులు నవ్వుకునేవారు. రేపటినుంచి ఆ నవ్వూ ఉండదు. ఫారాలు వేలితో నొక్కి నింపేలా కౌంటరు మీద కంప్యూటరు తెర పెడుతున్నారు, ఆవిడకి ఇవాళే ఆఖరి రోజు.

చాదస్తం ఊరికే రాలేదు. చేరిన కొత్తలో నలభై నాలుగేళ్లావిడ ఒకరు వస్తే, ఈ వయసులో ఇంకేం కడుపులే అనుకుని, ఆ ప్రశ్న అడక్కుండా ఫారాలమ్మే "లేదు" దగ్గర టిక్కు పెట్టేసింది. సూదీ వేసేశారు. నెల తిరక్కుండానే ఆమెకి మూడో నెలని తేలింది. అప్పట్నుంచి కాన్పయ్యేదాకా ఆమె నెలనెలా వచ్చి, ఎదుటి కుర్చీలో కూర్చుని, "ఏం కాదు కదండీ?" అని అడిగేది. డాక్టరమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. "హాని ఉందని తేలలేదమ్మా, లేదనీ తేలలేదు" అనేది. బిడ్డ బంగారంలా పుట్టింది. కానీ ఆ ఆరు నెలలూ ఫారాలమ్మకి అన్నం సహించలేదు.

పదకొండింటికి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏడెనిమిదేళ్లుంటాయి. అంత ఉక్కలోనూ ఒంటి చుట్టూ శాలువా కప్పుకుంది. కడుపుతో ఉన్నారా, లేదు. బిడ్డకి పాలిస్తున్నారా, లేదు. రెండో టిక్కు కాగితం చిరిగేంత గట్టిగా పడింది.

ఫారాలమ్మ కాగితం అందుకుని, గడియారం వంక చూస్తూ మామూలుగా అడిగింది.

"పాలెన్నింటికిచ్చి వచ్చావమ్మా?"

"తొమ్మిదింటికండీ" అనేసి, ఆ అమ్మాయి నాలిక్కరుచుకుంది.



"డాక్టరుగారికి చెప్పకండి ఆంటీ. సోమవారం డ్యూటీలో చేరాలి. మొన్న కాగితాలివ్వడానికి ఆఫీసుకి వెళ్తే, ఒంట్లో బాలేదా అని ఐదుగురడిగారు. అద్దం చూసుకుంటే మా అత్తగారు కనిపిస్తోంది." నవ్వబోయింది గానీ కళ్లు నిండాయి. "రోజంతా పాపకే చేస్తున్నాను. ఇదొక్కటే నాకోసం."

ఫారాలమ్మకి జాలేసింది. నిజంగానే వేసింది. పోన్లే తల్లీ, వేయించుకో అన్నమాట నోటిదాకా వచ్చింది కూడా.

"నేను చెప్పనమ్మా. చెప్పాల్సింది నువ్వు." రబ్బరు ఆ అమ్మాయి వైపు జరిపింది. "పెన్సిలే కదా."

ఆ అమ్మాయి చాలాసేపు రబ్బరు వంకే చూసింది. తరవాత చెరిపింది. పొట్టు ఊదేసి, పెన్ను అందుకుని, "అవును" దగ్గర టిక్కు పెట్టింది.

లోపల అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. పాలు మాన్పించాక రమ్మంది డాక్టరమ్మ. ఆ అమ్మాయి కౌంటరు వంక కన్నెత్తి చూడకుండా విసవిసా వెళ్లిపోయింది, తలుపు దభీమంది. ఫారాలమ్మ నొచ్చుకోలేదు. నెలనెలా వచ్చి ఎదురుగా కూర్చోవడం కన్నా ఇదే నయమనుకుంది.

సాయంత్రం నర్సులు టీ తెప్పించారు. "అప్పుడప్పుడూ వస్తుండక్కా" అంది డాక్టరమ్మ. "ఆ, రాకేం" అంది ఆవిడ. రాదని ఇద్దరికీ తెలుసు. టిఫిను డబ్బా, కుర్చీ మీది మెత్త, పెన్సిళ్ల గ్లాసు సంచీలో సర్దుకుని, ఆరింటికి మెట్లు దిగిపోయింది.

మర్నాడు మొదట వచ్చినామె తెర ముందు నిలబడింది. కడుపుతో ఉన్నారా అన్నచోట వేలు "లేదు" మీద పడగానే తెర తరవాతి పేజీకి జారిపోయింది. ఆమె ఒక్క క్షణం ఆగి, వెనక్కి వెళ్లడం ఎలాగో ఎవరినైనా అడుగుదామని చూసింది. కౌంటరు వెనక కుర్చీ ఖాళీగా ఉంది. తెర పక్కన, ఒక మూల అరిగిపోయిన తెల్ల రబ్బరు ఉంది.