పాత్రలో లేని జవాబు

ఆత్మహత్యల నివారణ మీద పరిశోధనకు కొత్తగా చేరిన మా ఆరుగురికి ఆ వారమంతా శిక్షణ. జతలుగా కూర్చోవాలి. ఒకరు పరిశోధకులు, ఇంకొకరు శిక్షణ ఇచ్చే మేడం చెప్పిన పాత్ర. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగాలి. అడిగాక కలం కింద పెట్టి నోరు మూసుకోవాలి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని మేడం చెప్పి చెప్పి అలిసిపోయారు.

నాకు లెక్కలు ఎన్నయినా ఇవ్వండి, చేసి పెడతాను. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం నోరు పెగలదు. "బాధగా ఏమైనా..." అంటూ నీళ్లు నమిలేదాన్ని.

"నీ మొహమాటం పాడుగాను! సూటిగా అడుగమ్మా," అని మేడం విసుక్కునేవారు.

ఆ మధ్యాహ్నం నా ఎదుట పెద్దన్న కూర్చున్నాడు. మా అందరికంటే వయసులో పెద్ద, అందరినీ నవ్వించేవాడు. అతని పాత్ర డెబ్బై ఏళ్ల రిటైర్డ్ డ్రైవరు, భార్య పోయిన మనిషి.

"నిద్ర పడుతోందా?" అన్నాను.

"లేదు. తెల్లారకపోతే బాగుండనిపిస్తుంది. అమ్మ ఫోన్ చేస్తే తియ్యబుద్ధి కాదు. బాగున్నానని ఎన్నిసార్లు అబద్ధం చెప్పను?"

"డెబ్బయ్యేళ్ల తాతకి అమ్మ ఫోనేంటన్నా, పాత్రలో ఉండు!" అన్నారెవరో వెనకనుంచి.

గది గొల్లుమంది. పెద్దన్న కూడా నవ్వాడు గానీ చేతులు బల్ల కింద దాచుకున్నాడు. నాకు భయమేసింది. నేను పొరబడితే అందరి ముందూ అతని పరువు తీసినదాన్నవుతాను. పొరబడకపోతే?

కలం కింద పెట్టాను.

"అన్నా, డ్రైవర్ సంగతి వదిలెయ్. నిన్నే అడుగుతున్నా. నీకు చనిపోవాలనిపిస్తోందా?"

నవ్వులు ఆగిపోయాయి. ఏదో ఒకటి అనేసి మాట మార్చాలని ప్రాణం కొట్టుకుంది. పంటి బిగువున ఆపుకున్నాను.

"ఊఁ," అన్నాడు చాలాసేపటికి. "కొన్నాళ్లుగా."

మేడం సైగ చేసి మిగతావాళ్లను బయటికి పంపారు. తనకు తెలిసిన మానసిక వైద్యురాలికి ఫోన్ చేసి వెంటనే రమ్మన్నారు. ఆవిడ వచ్చేదాకా మేమిద్దరం అతని దగ్గరే ఉన్నాం. అతను ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

"ఇంక నన్ను ఈ పనిలో ఉంచరేమో కదా మేడం?" అన్నాడు, చొక్కా చేత్తో మొహం తుడుచుకుంటూ.

మేడం కుర్చీని అతని పక్కకు జరుపుకున్నారు.

"ముందు నువ్వుండరా నాన్నా. పని సంగతి తర్వాత చూద్దాం."