నెమ్మదైన తుపాకీ

రెండో కుండలోకి కాఫీ దిగుతుండగా వసంతకుమారి మొదటి కుండ చుట్టూ చిందిన మరకలు తుడిచి, చక్కెర పొట్లాలు సర్ది, హాట్‌డాగ్‌లు దొర్లే గ్రిల్ కింది ట్రే బయటికి లాగింది. రాత్రి షిఫ్టు వాళ్ళు దాన్ని కడగలేదు. అడుగున పేరుకున్న నూనె మీద కాగితపు తువ్వాళ్ళు పరిచి అవి పీల్చుకునేదాకా చూస్తూ నిలబడింది. బయట పశువుల మేత పొలాల మీద ఇంకా మంచు విడలేదు. రోడ్డుకి ఇవతల పెట్రోలూ కాఫీ అమ్మే ఈ గ్యాస్ స్టేషన్, అవతల కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లు. బెంటన్‌విల్ ఊరు అక్కడితో అయిపోయేది ఒకప్పుడు.

తలుపు మీది గంట మోగింది. ఆమె భుజాలు రెండూ చెవులవైపు లేచాయి. ట్రే వదిలేసి గిరుక్కున తిరిగింది.

ఐసు మూట కోసం వచ్చిన పికప్ ట్రక్కు మనిషి. గుడ్ మార్నింగ్ చెప్పాడు, డబ్బు కట్టాడు, వెళ్ళిపోయాడు. అతని బండి రోడ్డెక్కాక గానీ ఆమె భుజాలు కిందికి దిగలేదు.

వసంతకుమారిది పొట్టి శరీరం. మణికట్లు సన్నం, అరచేతులు మాత్రం వెడల్పు. పాలకొల్లులో మిషన్ ఆసుపత్రి వార్డుల్లో దుప్పట్లు మార్చిన చేతులవి. భర్త జోసఫ్ వాళ్ళక్క వీసా కాగితాలు పెట్టి పిలిపించుకుంటే అమెరికా వచ్చి, మొదట మోటెల్‌లో బట్టలు ఉతికాయి. తర్వాత కోళ్ళ ఫ్యాక్టరీలో చల్లటి నీళ్ళలో మాంసం కోశాయి. కుడిచేతి చూపుడువేలు ఇప్పటికీ చలికాలంలో సరిగ్గా ముడవదు. ఆ తర్వాత దొరికిన ఈ కౌంటరు ఉద్యోగం ఆమెకి సుఖంగానే అనిపించింది. పొడిగా ఉంటుంది, వెచ్చగా ఉంటుంది, పదిమంది మొహాలు కనిపిస్తాయి.

నిరుడు వేసవికి ముందు, పట్టపగలు, టోపీ కళ్ళమీదికి లాక్కున్న ఒక కుర్రాడు వచ్చి ఆమె గడ్డానికి మూరెడు దూరంలో నల్లటి పిస్టల్ పెట్టాడు. గల్లాలో ఉన్నదీ, వెనక అరలోని సిగరెట్లూ తీసుకుని పోయాడు. ఆమెకి దెబ్బ తగల్లేదు. పోలీసులు వచ్చారు. చర్చిలో ఆమె పేరు చెప్పి స్తుతి ప్రార్థన చేశారు. అందరికీ అది అక్కడితో ముగిసింది. ఆమెకి మాత్రం ముగియలేదు. తలుపుకి వీపు పెట్టి నిలబడలేకపోయేది. చర్చిలో ముందు వరస మానేసి, ఆఖరి బెంచీలో గోడకి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఇంట్లో గిన్నె కిందపడినా వెళ్ళి తలుపు గడియ చూసొచ్చేది.

"మానెయ్యి వసంతా, నా జీతం చాలు మనకి," అని జోసఫ్ ఎన్నిసార్లో అన్నాడు. అతను గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఆమె ప్రతిసారీ తల అడ్డంగా ఊపేది. ఎందుకో చెప్పేది కాదు.

రోజూ కాఫీకి వచ్చే లొరైన్ మాత్రం ఆ భుజాల సంగతి కనిపెట్టింది. స్కూలు బస్సు నడిపి రిటైరయిన ముసలామె. నువ్వు భయపడుతున్నది ఆ కుర్రాడికి కాదు, వాడి చేతిలోని వస్తువుకి, ఒకసారి నువ్వే పట్టుకుని చూడు అని ఒక ఆదివారం చర్చి అయ్యాక ఊరిబయట తుపాకీ కాల్చి సాధన చేసే షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళింది. మొదటిరోజు వసంతకుమారి దాన్ని ముట్టుకోలేదు. రెండోసారి ముట్టుకుని ఏడ్చింది. మూడోసారి లొరైన్‌ది పాత రివాల్వర్ తీసుకుని కాగితం మీది నల్లటి సున్నాకి చాలా కిందుగా ఒక చిల్లు పెట్టింది. అప్పట్నుంచి ఆదివారాలు వదల్లేదు. ఎప్పుడూ నాదే ఎందుకు, నీ చేతికి సరిపోయేది నువ్వే కొనుక్కో అని లొరైన్ అనగానే, ఎన్నాళ్ళుగానో ఆ మాట కోసమే చూస్తున్నట్టు వసంతకుమారికి అనిపించింది.

ఈరోజు షిఫ్టు దిగేసరికి, తుపాకుల దుకాణానికి తీసుకెళ్ళడానికి జోసఫ్ కారుతో వచ్చి ఉన్నాడు. దారిలో ఆమె డబ్బాలోని చారన్నం తింది. అతను అన్నాడు:

"ఇంట్లో తుపాకీ అంటే నాకు నిద్ర పడుతుందో లేదో."

"తాళంపెట్టెలో పెడతానండీ. తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి."

"నా దగ్గరెందుకు? కొనుక్కునేది నువ్వు."

దుకాణంలో అద్దాల బల్ల వెనక వేన్ అనే లావుపాటి మనిషి నిలబడి ఉన్నాడు. ఆడమనిషిని చూడగానే హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టే చిన్న పిస్టల్ తీసి బల్లమీద పెట్టాడు. నల్లగా, పలకలుగా ఉంది. వసంతకుమారి వెనక్కి జరిగింది.

"ఇది వద్దు," అంది తనకొచ్చిన ఇంగ్లీషులో. "నాకు రక్షణ కోసం కాదు. గురి చూసి కొట్టడానికి. కాగితాన్ని, రేకు డబ్బాని."

వేన్ దాన్ని లోపల పెట్టేసి ఒక రివాల్వర్ ఇచ్చాడు. ట్రిగ్గర్ నొక్కుతూ పోతే చాలు, అదే పేలుతూ పోతుంది. ఆమె ఖాళీదాన్ని నొక్కి చూసింది. సరిగ్గా ముడవని వేలికి ఆ లాగుడు బరువైంది, గొట్టం కొస కిందికి వాలిపోయింది.

"ప్రతిసారీ బొటనవేలితో వెనక్కి లాగేది ఉంటుంది కదా," అంది. "సింగిల్ యాక్షన్."

వేన్ మొహంలో కొత్త ఆసక్తి కనిపించింది. గుడ్డ పరిచి మూడు పెట్టాడు. మొదటిది పెద్ద తూటాలది. పాత కౌబాయ్‌ల కాలపు పోలిక. రెండు చేతులతో ఎత్తినా మణికట్టు లాగేసింది. రెండోది పొట్టిగా, ముద్దుగా ఉంది. కానీ గొట్టం పొట్టిదైతే గురి చూసే ముక్కలు రెండూ మరీ దగ్గరగా వస్తాయనీ, కొంచెం చెయ్యి కదిలినా పక్కకి పోతుందనీ వేన్ చెప్పాడు. మూడోది ట్వంటీ టూ. సన్నటి తూటాలు, తక్కువ అదురు, గొట్టం మరీ పొట్టిది కాదు, జానెడుకి కాస్త తక్కువ. వెనకవైపు గురిముక్కని చిన్న స్క్రూతో సరిచేసుకోవచ్చు.

ఆమె మూడోదాన్ని తీసుకుంది. చెక్క పిడి అరచేతిలో ఒదిగింది. వేన్ చూపించినట్టు గొట్టాన్ని ఎవరూ లేని గోడవైపు తిప్పి, చిన్న తలుపు తెరిచి, తూటాల చక్రంలో ప్రతి గదీ ఖాళీయేనని తనే చూసుకుంది. తూటాలు ఒక్కొక్కటే పెట్టాలి. కాల్చాక ఒక్కొక్కటే కడ్డీతో నెట్టి తియ్యాలి. బొటనవేలితో వెనకనున్న చిన్న సుత్తిని, హేమర్‌ని, లాగింది. టిక్కుమని నిలబడింది. మునుపు ఆ చప్పుడు వింటే ఆమె గోడవైపు జరిగేది. ఇప్పుడు అది తన వేలి కింద, తను లాగినప్పుడు మాత్రమే వచ్చింది.

"ఇంత నెమ్మదైన దాన్ని పెట్టుకుంటే దొంగొస్తే ఏం చేస్తావ్?" అన్నాడు జోసఫ్.

"పరిగెత్తుతానండీ." చేతిలోని దానిమీంచి చూపు తియ్యకుండానే నవ్వింది. "దొంగ కోసం కాదు. దీంతో నేను తొందరపడలేను. ఒకటి కొట్టాలి, ఆగాలి, ఊపిరి తీసుకోవాలి, మళ్ళీ లాగాలి. ఆ ఆగడమే నాకు కావాల్సింది."

దుకాణం తలుపు తెరుచుకుని, గంట మోగి, వేటగాళ్ళ చొక్కాలు వేసుకున్న ఇద్దరు గట్టిగా మాట్లాడుకుంటూ లోపలికి వచ్చారు. వసంతకుమారి తలుపుకి వీపు పెట్టి నిలబడి ఉంది. తిరగలేదు. గురిముక్కల మధ్య సందు సమంగా ఉందా లేదా అని ఒక కన్ను మూసి చూసుకుంటోంది.

"వసంతా," అన్నాడు జోసఫ్ మెల్లగా.

"ఏంటండీ?"

"గంట మోగింది."

ఆమె అర్థంకానట్టు చూసింది. వెనక్కి తిరిగి ఆ ఇద్దరినీ చూసింది. వాళ్ళు టోపీలు సర్దుకుని పలకరించారు. ఆమె తుపాకీని గుడ్డమీద పెట్టేసి, బల్ల అంచు పట్టుకుని, చాలా లోపల్నుంచి ఒక ఊపిరి వదిలింది. ఆ ఊపిరి ఏడాదిగా అక్కడే ఉండిపోయినట్టుంది. కళ్ళు తుడుచుకుంటుంటే వేన్ కంగారుగా కాగితపు రుమాళ్ళ డబ్బా జరిపాడు.

"ఇదే ఇవ్వండి," అంది.

ఆమె మీద కేసులేమీ లేవని కనుక్కునే చెకింగ్ పూర్తయి, పెట్టెకి తాళం వేసి కారు డిక్కీలో పెట్టాక, ఇంటివైపు తిరగబోతున్న జోసఫ్ మోచెయ్యి పట్టుకుంది.

"మా గ్యాస్ స్టేషన్‌కి పోనివ్వండి. రఘువీర్ గారు సాయంత్రం అక్కడే ఉంటారు."

జోసఫ్ కారులోనే ఆగాడు. యజమాని రఘువీర్ కూల్‌డ్రింకుల అరలు నింపుతున్నాడు. వరంగల్ పిల్లవాడు, ఆమెకంటే చాలా చిన్న. పని మానేస్తానని ఆమె చెప్పింది విని చేతిలోని సీసాలు కింద పెట్టేశాడు.

"గట్లెట్ల ఆంటీ? అప్పుడు గన్ పెట్టినప్పుడే మానెయ్యున్రి, లీవ్ తీస్కోన్రి అని నేనే అంటి. వద్దన్నరు. ఇప్పుడేమైంది?"

"అప్పుడు మానేస్తే పారిపోయినట్టు ఉండేది బాబూ. నా వెనకాలే ఇంటికొచ్చేది ఆ భయం. దాన్ని ఇక్కడే వదిలేసి వెళ్దామని ఆగాను."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు నాకు వెళ్ళాలనిపిస్తోంది. అంతే. స్కూలు క్యాంటీన్‌లో పిల్లలకి వడ్డించే పని ఉందని లొరైన్ చెప్పింది. మీకు మనిషి దొరికేదాకా వస్తాను."

"వద్దాంటీ. మా బామ్మర్దొస్తడు రేపట్నుంచి. మీరు పైలం." అతను కాస్త తటపటాయించి, ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఫికర్ ఉండె ఆంటీ, ఇన్నాళ్ళు. మీరీడ నిలబడ్డప్పుడల్ల."

ఆమె గల్లా వెనకనుంచి తన స్వెట్టర్, కళ్ళజోడు పెట్టె, జండూబామ్ సీసా తీసుకుంది. ఎవరో కాఫీకి వచ్చారు. వాళ్ళకి కప్పు అందించి, మూత పెట్టి ఇచ్చి, అదే వరసలో తలుపు తోసుకుని బయటికి నడిచింది. పొలాల మీద ఎండ పసుపుగా పరుచుకుని ఉంది. కారులో కూర్చోగానే చెప్పులు విప్పేసి, కాళ్ళు ముడుచుకుని, ఊరు దాటకముందే నిద్రపోయింది. జోసఫ్ రేడియో ఆపేసి నెమ్మదిగా నడిపాడు.

కౌంటరు ఎత్తు అందక ఆమె ఎక్కి నిలబడే చెక్కపీట, రెండు పాదాల మేర రంగుపోయి, గల్లా వెనకే ఉండిపోయింది.